సిరా లేని నలుపు

నిలబెట్టిన ఒక తెల్లటి తెర. దాని నిండా లక్షల కొద్దీ సన్నని రంధ్రాలు, ఒక్కో దాంట్లో ముందుకీ వెనక్కీ జరిగే పిన్ను. పక్క నుంచి ఏటవాలుగా దీపం వేస్తే, బయటికి పొడుచుకొచ్చిన ప్రతి పిన్నూ తెర మీద నీడ పరుస్తుంది. పిన్నులన్నీ బయటికొస్తే నీడలు కలిసిపోయి తెరంతా నల్లబడుతుంది. లోపలికి నొక్కేస్తే తెలుపు, సగం నొక్కితే బూడిద రంగు. చుక్క సిరా లేదు, కుంచె లేదు.

ఈ పిన్నుల తెరను ఊహించినవారు అలెగ్జాండర్ అలెక్సేయెఫ్. 1901లో రష్యాలోని కజాన్‌లో పుట్టి, పారిస్‌లో స్థిరపడి, పుస్తకాలకు చెక్కుడు బొమ్మలు వేసేవారు. అప్పటి కార్టూన్లలో బొమ్మంటే గట్టి గీత, గీత లోపల ఒకటే రంగు. ఆయనకు అది చాలలేదు. తన బొమ్మల్లోని మసక వెలుగు, పొగమంచు కదలాలనుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకోవడానికి అమెరికా నుంచి వచ్చిన క్లేర్ పార్కర్ ఈ పనిలో జతకలిశారు. 1935 నాటి పేటెంటు ఆమె పేరు మీదే ఉంది. అయినా చాలామంది ఆయన పేరొక్కటే చెప్పి ఊరుకుంటారు, అది అన్యాయం.

తెరకు ముందు ఆయన, వెనక ఆమె. ఆయన నొక్కితే తెలుపు వచ్చేది, ఆమె నెడితే నలుపు చిక్కబడేది. ఇంట్లో దొరికే వస్తువులే పనిముట్లు. బల్బును మెల్లగా అదిమితే నడుమ పిన్నులు లోతుగా, అంచుల్లో కొద్దికొద్దిగా దిగుతాయి. నల్లటి తెర మీద పొగలాంటి అంచుతో ఒక తెల్లటి గుండ్రం తేలుతుంది. అలాంటి అంచు పెన్సిల్‌కు అంత తేలిగ్గా లొంగదు.

ఒక బొమ్మ, ఒక ఫొటో. తర్వాత కొన్ని పిన్నులు జరిపి మరో ఫొటో. సినిమాలో ఒక్క సెకనుకు 24 ఫ్రేములు. కొత్త బొమ్మ రావాలంటే పాతది చెరిగిపోవాల్సిందే. అది మిగిలేది ఫిల్ములోనే. వెనక్కి వెళ్లి దిద్దుకునే వీల్లేదు. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ సంగీతానికి వీళ్లిద్దరూ 1933లో తీసిన 'ఎ నైట్ ఆన్ బాల్డ్ మౌంటెన్' ఎనిమిది నిమిషాలే, పట్టిన కాలం మాత్రం ఏడాదికి పైనే. దర్శకుడు ఓర్సన్ వెల్స్ 1962లో తీసిన 'ది ట్రయల్' మొదట్లో కనిపించే బొమ్మలూ ఈ తెర మీదివే.

2,40,000 పిన్నుల తెర ఒకటి 1970ల్లో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకు చేరింది. దాని మీద జాక్ ద్రువాఁ 1976లో 'మైండ్‌స్కేప్' తీశారు. తాను గీస్తున్న దృశ్యంలోకే నడిచి వెళ్లిపోయే చిత్రకారుడి కథ అది. తర్వాత మిషెల్ లెమ్యూ అదే తెర అందుకుని 2012లో మరో చిత్రం పూర్తి చేశారు. ఫ్రాన్స్‌లో ఉన్న మరో తెర కూడా బాగుపడింది, 2015లో కొత్తవాళ్లకు దాని మీద పని నేర్పడం మొదలైంది.

ఇలా ఒక్కో ఫొటోగా కదలిక తీయడమే స్టాప్ మోషన్. ఆ మాట అనగానే మట్టిబొమ్మలే గుర్తొచ్చేవాళ్లు ముందుగా 'మైండ్‌స్కేప్' చూడండి. పిల్లలకూ చూపించండి. ఎనిమిది నిమిషాల్లోపే అయిపోతుంది.