బీరు గూటికి తిరిగొచ్చిన ఫ్రీజరు

ఫ్రిజ్ అంటే మనకు పాలు, పెరుగు, కూరగాయలు. దాని పూర్వీకుల్లో ఒకదాన్ని డబ్బు పెట్టి పెంచింది మాత్రం జర్మనీ, ఆస్ట్రియా బీరు వ్యాపారులు.

వాళ్ల అవసరం అలాంటిది. వేసవిలో కాచిన బీరు చెడిపోతోందని, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచకూడదంటూ 1553లోనే బవేరియా శాసనం చేసింది. అక్కడి లాగర్ బీరును పులియబెట్టే ఈస్ట్‌కు 8 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ చలి ఉండాలి. అందుకని చలికాలంలో చెరువుల మీద పేరుకున్న మంచుగడ్డలు కోసి నేలమాళిగల్లో నింపుకునేవారు. ఆ ఏడు చలి సరిగా పడకపోతే మంచుకు కటకటే.

మ్యూనిక్ సాంకేతిక కళాశాల ఆచార్యుడు కార్ల్ లిండే ఈ సమస్య మీద దృష్టిపెట్టాడు. యంత్రంతో చల్లబరచాలన్న ఆలోచన అప్పటికే ఉంది, కొన్ని యంత్రాలూ ఉన్నాయి. తక్కువ ఖర్చుతో, నమ్మకంగా నడిచేదాన్ని తయారుచేయాలన్నది ఆయన పట్టుదల. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది; ఆ ఆవిరిని కంప్రెసర్‌తో నొక్కి మళ్లీ ద్రవంగా మారిస్తే ఆ వేడి బయటికి పోతుంది. ఇంతే సూత్రం. 1873లో ఆగ్స్‌బర్గ్‌లో తయారైన తొలి యంత్రాన్ని స్పాటెన్ బీరు కర్మాగారం యజమాని గాబ్రియేల్ సెడ్ల్‌మయర్ తన దగ్గర పెట్టి ప్రయోగాలు చేయనిచ్చాడు. అందులో వాడింది మిథైల్ ఈథర్. తర్వాత లిండే అమ్మోనియాకు మారాడు. అలా మెరుగుపరిచిన యంత్రం ట్రియెస్ట్‌లోని డ్రేహర్ బీరు కర్మాగారానికి వెళ్లి 1908 వరకు పనిచేసింది.

చల్లబరచడం వచ్చింది. ఎంతవరకు చల్లబరచాలో కనిపెట్టుకుని ఉండే సాధనం మరోచోట, మరో అవసరం కోసం పుట్టింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు పాఠం చెబుతుంటే, గదిలో వేడి ఎంతుందో చూడడానికి నౌకరు మాటిమాటికీ లోపలికి వచ్చేవాడు. ఆ రాకపోకలు తప్పించడానికి ఆయన చేసిన విద్యుత్ థర్మోస్టాట్‌కు 1883లో పేటెంటు దక్కింది. సరిగ్గా ఆ ఏడే కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన తోడు పెంచి చూపించాడు.

ఈ దారులన్నీ కలిసింది అమెరికా గ్యారేజీల్లో. ఇంట్లో సొంతానికి బీరు కాచుకోవడాన్ని అనుమతించే చట్టం మీద 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాడు. అది మరుసటి ఏడు ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అభిరుచిపరులకు ఎదురైన మొదటి చిక్కు వేడే. ఈస్ట్ చక్కెరను తింటూ తానే వేడి పుట్టిస్తుంది. 19 లీటర్ల బకెట్లో పులియడం జోరందుకుంటే లోపలి ద్రవం గది కంటే మూడు నుంచి అయిదు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. ఏల్ రకం బీరు 18-20 డిగ్రీల దగ్గర బాగా కుదురుతుంది. 28 దాటనిస్తే గొంతు మండించే ఘాటైన ఆల్కహాళ్లు, పండిన అరటి వాసన పైకి తేలతాయి.

మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర, ఫ్రీజరు మైనస్ 18 దగ్గర ఉండడానికి చేసినవి. 18 డిగ్రీలు కావాలంటే వాటి సొంత మీట సరిపోదు. అందుకే గోడ ప్లగ్గుకూ ఫ్రీజరుకూ మధ్య ఓ చిన్న కంట్రోలర్ పెడతారు. దాని తీగ చివరనున్న సెన్సర్‌ను బకెట్ పక్కకు టేపుతో అంటించి, పైన స్పాంజి ముక్క కప్పుతారు. గాలిలో వేలాడదీస్తే అది గాలినే కొలుస్తుంది. గాలి నిమిషాల్లో చల్లబడుతుంది, 19 లీటర్లు గంటలకొద్దీ నాన్చుతాయి. 19 డిగ్రీలకు కరెంటు అందాలి, 18కి ఆగాలి. ఆగిన వెంటనే మళ్లీ మొదలైతే కంప్రెసర్‌లో ఒత్తిడి సర్దుకోక మోటారు మొరాయిస్తుంది; అందుకని కొన్ని నిమిషాల విరామం కూడా కంట్రోలర్‌లోనే పెట్టుకుంటారు. చలి దేశాల్లో రెండో ప్లగ్గుకు వేడిపట్టీ తగిలిస్తారు.

పైకి తెరుచుకునే పెట్టె ఫ్రీజరు ఈ పనికి మరీ అనువు; మూత తీసినా బరువైన చల్లగాలి కిందే ఉండిపోతుంది. అందులో చిక్కులూ ఉన్నాయి. తేమ చేరి బూజు పడుతుంది. ఈస్ట్ వదిలిన కార్బన్ డయాక్సైడ్ కూడా బరువైనదే కనుక అడుగునే పేరుకుంటుంది. మూత తీయగానే తల లోపలికి పెడితే ముక్కు చురుక్కుమంటుంది. కాసేపు గాలాడనిచ్చి వంగడం మేలు.

ఇంతకీ ఈ పనికి కొత్త యంత్రమే అక్కర్లేదు. మైనస్ 18 తట్టుకునేలా కట్టిన గోడల మధ్య 18 డిగ్రీలు నిలపడం కంప్రెసర్‌కు తేలిక. ఎక్కువ సేపు విశ్రాంతిలోనే ఉంటుంది. ఐస్‌క్రీం గడ్డకట్టించలేక మూలన పడ్డ ముసలి ఫ్రీజరుక్కూడా ఇక్కడ కొలువు దొరుకుతుంది.