తోడు ఉండటం కూడా పనే

బోధన్ అనగానే చక్కెర గుర్తుకు వస్తుంది. 1937లో ఇక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. నిజాంసాగర్ నీళ్లు కాలువల్లో వచ్చాయి. పొలాల్లో చెరకు పెరిగింది. ఫ్యాక్టరీ పక్కనే శక్కర్‌నగర్ వెలిసింది. ఎంతోమంది అక్కడే పని చేశారు. పిల్లల్ని పెంచారు. పెండ్లిళ్లు చేశారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది.

అప్పటి పనివాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. పిల్లలు బతుకుదెరువు వెతుక్కుంటూ పోయారు. కొందరు హైదరాబాదు పోయారు. కొందరు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. నిజామాబాద్ పట్నంలోనూ ఇదే కత. వాకిట్లో అవ్వ ఒక్కతే కూర్చుని ఉంటుంది. కొడుకు నెలనెలా పైసలు పంపుతాడు. కానీ పైసలు అవ్వకు తానం పోయించవు. పైసలు తాతను చెయ్యి పట్టి నడిపించవు. దానికి మనిషి కావాలి.

ఆ మనిషి ఎవరు? ఇన్నాళ్లూ ఇంటి కోడలే. ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంది. మధ్యలో లేచి అత్తకు అన్నం పెడుతుంది. మామకు నీళ్లు తోడుతుంది. బీడీలకు లెక్క ఉంది. ముసలివాళ్లను చూసిన దానికి లెక్క లేదు. దాన్ని ఎవరూ పని అనలేదు.

కానీ అది పనే. ఓపిక కావాలి, తెలివి కావాలి, బలం కావాలి. అదే పనిని ఇప్పుడు కూలి తీసుకొని చేసే ఆడవాళ్లు ఉన్నారు. కేరళలో కుటుంబశ్రీ మహిళా సంఘాలు 2018లో ‘హర్షం’ పేరుతో ఈ పని మొదలుపెట్టాయి. సంఘం ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు ఇండ్లకు పోయి పెద్దలను చూసుకుంటారు. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు?

ఏం పని చేయాలి?

ఇది సూది మందు పని కాదు. దవాఖాన పని కాదు. రోజూ బతకడానికి పెద్దలకు కావలసిన సాయం ఇది.

తానం పోయించడం. తల దువ్వడం. బట్టలు మార్చడం. పక్క సరిచేయడం. అన్నం వడ్డించడం, అవసరమైతే తినిపించడం. వాకిట్లో నాలుగు అడుగులు నడిపించడం. గోలీల సమయం గుర్తు చేయడం. దవాఖానకు, బ్యాంకుకు తోడు పోవడం. పేపరు చదివి వినిపించడం. సాయంత్రం ఫోన్‌లో కొడుకు ముఖం చూపించి మాట్లాడించడం.

చివరిది చిన్న పని అనిపిస్తుంది. అవ్వకు మాత్రం ఆ రోజంతటిలో అదే పెద్ద పని.

ఏం చేయకూడదు?

ఇది బాగా గుర్తుంచుకోవాలి. సూది వేయకూడదు. షుగర్ సూది కూడా వేయకూడదు. సెలైన్ పెట్టకూడదు. మూత్రం గొట్టం మార్చకూడదు. పుండుకు కట్టు కట్టకూడదు. గోలీ పెంచడం, తగ్గించడం, మాన్పించడం చేయకూడదు. ఇవి డాక్టరు, నర్సు చూసే పనులు.

“ఒక్కసారే కదా, వెయ్యమ్మా” అని ఇంటివాళ్లు అడుగుతారు. “అది నా పని కాదు అన్నా, నర్సమ్మను పిలవండి” అని మర్యాదగా చెప్పాలి. ఏదైనా తేడా వస్తే ముసలాయన ప్రాణం పోతుంది. మాట ఈమె మీద పడుతుంది.

ముందు నేర్చుకోవాల్సినవి

*అన్నం:* పెద్దలను కూర్చోబెట్టి తినిపించాలి. పండుకోబెట్టి పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. తిన్నాక అరగంట దాకా కూర్చోనివ్వాలి.

*తానం:* ముందు నీళ్లలో తన చెయ్యి పెట్టి వేడి చూడాలి. ముసలివాళ్ల చర్మం పలచన, త్వరగా కాలుతుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. నేల తడి లేకుండా తుడవాలి. ముసలివాళ్లు ఎక్కువగా జారిపడేది తానాల గదిలోనే.

*మంచం పట్టిన మనిషి:* రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. నడుము కింద, పిరుదుల దగ్గర, మడమల దగ్గర చూడాలి. ఎర్రగా కందితే పడక పుండు మొదలవుతున్నట్టే. వెంటనే ఇంటివాళ్లకు చెప్పాలి.

*లేపడం:* చేతులు పట్టి గుంజకూడదు. దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, నడుము దగ్గర పట్టి లేపాలి. ఏండ్ల తరబడి బీడీలు చుట్టిన ఆడమనిషికి అప్పటికే నడుము నొప్పి ఉంటుంది. ఆమె నడుము కూడా కాపాడుకోవాలి. బరువైన మనిషిని ఒక్కతే లేపకూడదు.

*ఆపద:* మూతి వంకరపోతే, ఒక చెయ్యి లేవకపోతే, మాట ముద్దగా వస్తే పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎన్ని గంటలకు మొదలైందో రాసి పెట్టాలి. డాక్టరు మొదట అడిగేది అదే. కింద పడి కాలు కదపలేకపోతే లాగి నిలబెట్టకూడదు. తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. దానికీ 108కే చేయాలి.

షుగర్ ఉన్న మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగర్ పడిపోయి ఉండవచ్చు. తెలివిలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్లు తాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. రెండింటిలోనూ ఇంటివాళ్లను పిలవాలి. తెలివి తప్పితే 108కి చేయాలి.

చదువు ఇక్కడ పనికొస్తుంది

ఈ పనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. సబ్బు, గ్లౌజులు, ఫోన్, ఒక నోటుబుక్కు చాలు. వీటిలో నోటుబుక్కే ముఖ్యం.

రోజూ అందులో నాలుగు మాటలు రాయాలి. ఇలా:

“సోమవారం. ఉదయం 7 గంటలు. తానం అయింది. రెండు ఇడ్లీలు తిన్నది. బీపీ గోలీ వేసుకున్నది. ఎడమ కాలు వాచింది. 9 గంటలకు కొడుక్కు ఫోన్ చేసి చెప్పడం అయింది.”

అక్షరాలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు. దుబాయిలో ఉన్న కొడుకు ఈ పేజీని ఫోన్‌లో చూస్తాడు. అతనికి నమ్మకం కుదురుతుంది. డాక్టరుకు కాలు ఎప్పుడు వాచిందో తెలుస్తుంది. రేపు ఏదైనా మాట వస్తే ఆమె తరఫున ఈ బుక్కే మాట్లాడుతుంది.

గోలీల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. చదవలేమని భయపడొద్దు. మందుల దుకాణంలో గానీ, ఇంటివాళ్లతో గానీ తెలుగులో రాయించుకోవాలి. ‘పొద్దున’, ‘మధ్యాహ్నం’, ‘రాత్రి’ అని మూడు డబ్బాల మీద చీటీలు అంటించాలి. డబ్బాలు నింపేది ఇంటివాళ్లే. ఈమె అందిస్తుంది, బుక్కులో రాస్తుంది.

కూలి ఎట్లా లెక్క కట్టాలి?

“ఎంతోకొంత ఇయ్యండి” అనకూడదు. అలా అంటే కొంతే వస్తుంది. లెక్క ముందే కట్టుకోవాలి. తన ఊళ్లో గంట పనికి ఎంత నడుస్తుందో కనుక్కొని ధర పెట్టాలి. లెక్క అర్థం కావడానికి గంటకు 60 రూపాయలు అనుకుందాం.

ఒక ఇంట్లో రోజుకు 2 గంటలు. అంటే 120 రూపాయలు. నెలకు 26 రోజులు. 120ని 26తో గుణిస్తే 3,120 రూపాయలు. అలాంటి ఇండ్లు మూడు దొరికితే 9,360 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు తీయాలి. ఆటోకు 520, సబ్బు, గ్లౌజులకు 300, ఫోన్‌కు 200. మొత్తం 1,020 రూపాయలు. చేతికి మిగిలేది 8,340 రూపాయలు.

ఇంటి నుంచి ఇంటికి నడిచే సమయానికి ఎవరూ కూలి ఇవ్వరు. అందుకే ఒకే వాడలో ఇండ్లు చూసుకోవాలి. దూరం పోవాల్సి వస్తే బస్సు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బోధన్ నుంచి నిజామాబాద్ పోయినా బస్సు ఖర్చు ఉండదు. కానీ సమయం పోతుంది.

ఒకే ఇంటి మీద ఆధారపడకూడదు. ఇది చెప్పడానికి కష్టమైన మాట. చూసుకునే అవ్వ ఒకరోజు కన్నుమూస్తుంది. ఏడుపు వస్తుంది. ఆ నెల కూలి కూడా ఆగుతుంది. రెండు మూడు ఇండ్లు ఉంటే పొయ్యి ఆరిపోదు. నెలనెలా కొంత సంఘంలో పొదుపు చేస్తే ఇంకా ధైర్యం.

ముందే మాట్లాడుకోవాలి

మొదటి రోజు ఒక్కతే పోకూడదు. భర్తనో, అక్కనో, సంఘం మనిషినో వెంట తీసుకుపోవాలి. ఇల్లు చూడాలి. మనుషులను చూడాలి. ఆ తర్వాత ఒక కాగితం మీద ఇవి రాసుకోవాలి:

1. ఏ పనులు చేస్తుంది, ఏ పనులు చేయదు.
2. ఎన్ని గంటలకు వస్తుంది, ఎన్ని గంటలకు పోతుంది.
3. కూలి ఎంత, ఏ తేదీన ఇస్తారు.
4. నెలకు ఎన్ని సెలవులు.
5. ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలి.
6. పని మానాలన్నా, మాన్పించాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి.

కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ కాగితం లేకపోతే ఏమవుతుంది? మొదటి వారం అవ్వకు తానం పోయిస్తుంది. రెండో వారం ఇంటిల్లిపాది బట్టలు ఉతుకుతుంది. మూడో వారం అంట్లు కూడా ఆమే తోముతుంది. కూలి మాత్రం అంతే ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా చెడుగా ప్రవర్తిస్తే ఓర్చుకోవాల్సిన పని లేదు. వెంటనే బయటికి రావాలి. మహిళల సాయానికి 181 నంబరు ఉంది.

ఒక్కతే కాదు, ముగ్గురు కలిసి

ఒక్కతే ఉంటే జ్వరం వచ్చిన రోజు అవ్వకు దిక్కు ఉండదు. ముగ్గురు కలిస్తే ఒకరు రాకపోయినా ఇంకొకరు పోతారు. సంఘంలో ఇలాంటి ముగ్గురు దొరకడం కష్టం కాదు. చిన్న అప్పు కావాలంటే సంఘం ద్వారా స్త్రీనిధి ఉంది. వ్యాపారం నడిపే పద్ధతి తెలుసుకోవాలంటే డిచ్‌పల్లిలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ అడిగి చూడవచ్చు. చిన్న వ్యాపారాలకు ‘ఉద్యమ్’ అనే సర్కారు నమోదు ఉంది. దానికి రుసుము లేదు. బ్యాంకు ఖాతా మాత్రం ఆమె పేరు మీదే ఉండాలి.

వేలిముద్ర సంగతి

పెన్షన్ రోజు అవ్వను తీసుకొని పోవాలి. ఫ్యాక్టరీ పీఎఫ్ పెన్షన్ వచ్చే తాత బతికే ఉన్నానని ఏడాదికి ఒకసారి చూపాలి. దానికీ తోడు పోవాలి. పైసలు తాత చేతిలోనే లెక్కపెట్టి పెట్టాలి. ఎంత వచ్చిందో బుక్కులో రాయాలి.

ఏటీఎం నంబరు అడగకూడదు. ఫోన్‌లో వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. అవ్వ దగ్గర చేబదులు తీసుకోకూడదు. బంగారం దాచిపెట్టమంటే ఒప్పుకోకూడదు. ఏ కాగితం మీదైనా ముసలివాళ్లతో ఎవరైనా వేలిముద్ర వేయిస్తుంటే, ముందు అది చదివి వినిపించాలి.

చదువు రాకముందు ఈమె కూడా వేలిముద్ర వేసిందే. ఆ కాగితంలో ఏముందో తెలియక వేసింది. అందుకే ఆ భయం ఆమెకు తెలుసు.

పిల్లలు చూడక పస్తులుండే పెద్దలు కూడా కనిపిస్తారు. వాళ్ల కోసం 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. బోధన్‌లో, నిజామాబాద్‌లో ఆర్డీవో ఆఫీసు ఉంది. అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్దల సాయానికి 14567 నంబరు ఉంది. ఈ మాట అవ్వ చెవిన వేసినా అదొక సాయమే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తన వాడలోనే మొదలుపెట్టాలి. ఏ ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది? ఏ తాతకు చూపు ఆనదు? ఎవరి కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు? నోటుబుక్కు మొదటి పేజీలో ఆ పేర్లు రాయాలి. తర్వాత పోయి పలకరించాలి. వ్యాపారం అక్కడే మొదలవుతుంది.

మాట్లాడుకోండి

మీ వాడలో ఒంటరిగా ఉన్న పెద్దలు ఎంతమంది?

వాళ్లను ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? ఆ పనికి రోజుకు ఎన్ని గంటలు పడుతుంది?

ఆ గంటలకు మీ ఊరి కూలి కడితే నెలకు ఎంత అవుతుంది? లెక్క వేసి రాయండి.