మంచు పడే ఊళ్ళో విమానం రెక్కలను ఎందుకు కడుగుతారు?



మన వేలూరు, గుడియాత్తం ప్రాంతాల నుండి పై చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, కెనడా వెళ్ళే పిల్లలు ఉన్నారు. జనవరి నెలలో అక్కడి నుండి ఒక్కోసారి ఫోను వస్తుంది. "విమానం ఎక్కి కూర్చున్నాము, ఇంకా బయలుదేరలేదు. రెక్కల మీద ఏవో రంగు నీళ్ళు చల్లుతున్నారు" అని. విమానం చెడిపోయిందేమోనని ఇక్కడ తల్లికి కంగారు. అది మరమ్మతు కాదు, ప్రాణరక్షణకు చేసే పని. కత్తిరి ఎండలు తప్ప మంచు ఎరుగని మనము దీనిని కొంచెము వివరంగా తెలుసుకుందాము.

విమానాన్ని పైకి లేపేది రెక్కల మీదుగా సాఫీగా సాగే గాలి. రెక్క మీద మంచు పేరుకుంటే ఆ గాలి చెదిరిపోతుంది. ఇక్కడ మంచు బరువు కంటే దాని గరుకుదనమే ఎక్కువ ప్రమాదం. వడ్రంగి చెక్కను రుద్దే ఉప్పు కాగితమంత గరుకుగా పలుచని పొర పట్టినా చాలు, లేపే శక్తి 30 శాతం వరకు తగ్గవచ్చు, గాలి నిరోధం 40 శాతం వరకు పెరగవచ్చు. అందువలన రెక్కల మీద మంచు ఉండగా విమానం ఎగరరాదన్నది నియమం.

ఈ పని రెండు దశలలో జరుగుతుంది. మొదటిది డీ-ఐసింగ్, అంటే ఉన్న మంచును తొలగించడం. గ్లైకాల్ అనే రసాయనాన్ని నీటితో కలిపి, 60 డిగ్రీలకు పైగా వేడి చేసి, గొట్టాలతో బలంగా చల్లుతారు. ఈ ద్రవం సాధారణంగా నారింజ రంగులో ఉంటుంది. కుల్ఫీ చేసేవారు ఐసులో ఉప్పు కలపడం చూసే ఉంటారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. గ్లైకాల్ కూడా అలాగే నీటిని గడ్డకట్టనివ్వదు. కారు రేడియేటరులో పోసే కూలెంటులో ఉండేది కూడా ఈ జాతి రసాయనమే.

రెండవది యాంటీ-ఐసింగ్, అంటే కొత్త మంచు పట్టకుండా కాపాడడం. దీనికి చిక్కగా ఉండే ఆకుపచ్చ ద్రవాన్ని పూస్తారు. పడే మంచును అది తనలో కరిగించుకుంటుంది. విమానం రన్‌వే మీద వేగం అందుకోగానే రెక్క మీద నుండి జారిపోతుంది.

అయితే ఈ రక్షణకు గడువు ఉంది. దీనిని హోల్డోవర్ టైమ్ అంటారు. చలి ఎంత, మంచు ఎంత జోరుగా పడుతోంది, ఏ ద్రవం వాడారు అనే లెక్కలతో దీనికి పట్టికలు ఉంటాయి. బ్యాంకు చెక్కు 3 నెలలు దాటితే, సంతకం సరిగా ఉన్నా చెల్లదు కదా! ఇక్కడ గడువు నిమిషాలలోనే ఉంటుంది. అది దాటితే రెక్కలను మళ్ళీ పరీక్షించాలి, అవసరమైతే వెనుకకు వచ్చి మళ్ళీ చల్లించుకోవాలి.

1982 జనవరి 13న వాషింగ్టనులో ఎయిర్ ఫ్లోరిడా విమానానికి మంచు తొలగించారు. కానీ ఆ తరువాత సుమారు 49 నిమిషాలు అది మంచులోనే ఉండిపోయింది. ఇంజన్ల మంచు నివారణ పరికరాన్ని కూడా వేయలేదు. మీటర్లు సరిగా లేవని సహ పైలట్ పరుగు మధ్యలోనే అనుమానించినా కెప్టెన్ ఆపలేదు. విమానం వంతెనను ఢీకొని పోటోమాక్ నదిలో పడింది. మొత్తం 78 మంది మరణించారు.

1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో మరో విమానం రెక్కల మీద మంచుతోనే బయలుదేరి అడవిలో కూలింది. అందులోని 69 మందిలో 24 మంది పోయారు. ప్రయాణికులుగా కూర్చున్న వేరే పైలట్లు ఆ మంచును చూశారు. చూసి కూడా, నడిపేవారికి తెలిసే ఉంటుందిలే అని ఊరుకున్నారు. న్యాయమూర్తి మోషాన్‌స్కీ విచారణ జరిపి 1992లో నివేదిక ఇచ్చిన తరువాత అక్కడి నియమాలు కఠినమయ్యాయి. నేడు టొరంటో విమానాశ్రయంలో ఈ పనికే ఒక పెద్ద కేంద్రం ఉంది. వాడిన ద్రవం నేల పాలు కాకుండా అక్కడే సేకరిస్తారు.

తల్లిదండ్రులారా, ఈ పని వలన మీ బిడ్డ విమానం గంట ఆలస్యమైతే కంగారు పడకండి. విద్యార్థులారా, ప్రయోగశాలలో గాని, రేపు ఉద్యోగంలో గాని తప్పు కనబడితే "పెద్దవారికి తెలిసే ఉంటుందిలే" అని ఊరుకోకండి. మర్యాదగా, కానీ వెంటనే అడగండి.