చంద్రా టెలిస్కోపు తన తూకాన్ని ఎలా సరిచూసుకుంటుంది?

కిరాణా కొట్టులోని తూకం రాళ్లను తూనికలు, కొలతల శాఖవారు సరిచూసి ముద్ర వేయడం మనందరికీ తెలిసినదే. రాయి అరిగినా, కాటా పాతబడినా తూకంలో తేడా వస్తుంది. కొట్టు యజమానికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా, కొన్నవారికి నష్టమే. మరి ఏ మనిషీ వెళ్లలేనంత ఎత్తున తిరిగే కాటాకు ముద్ర ఎవరు వేస్తారు?

అలాంటి కాటా ఒకటుంది. అదే నాసావారి చంద్రా ఎక్స్-రే టెలిస్కోపు. లాహోరులో పుట్టి, 1983లో నోబెల్ బహుమతి అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరు దానికి పెట్టారు. 1999 జూలై 23న కొలంబియా షటిల్‌లో పంపారు. ఐదేళ్లు పనిచేస్తే చాలనుకున్నది పాతికేళ్లు దాటింది. దాని కక్ష్యలో ఎక్కువ భాగం భూమికి చాలా దూరం. వెళ్లి బాగుచేసే వీలు లేదు.

ఇందులోని ఏసిస్ అనే కెమెరా ఒక్కొక్క ఎక్స్-రే కణాన్ని విడిగా తూస్తుంది. కణం సిలికాన్ పలకను తాకగానే ఎలక్ట్రాన్లు విడివడతాయి. 5,900 ఎలక్ట్రాన్ వోల్టుల కణానికి సుమారు 1,600 ఎలక్ట్రాన్లు వస్తాయి. వాటిని కెమెరా ఒక అంకెగా మారుస్తుంది. ఆ అంకెను మళ్లీ శక్తిగా మార్చే లెక్కనే గెయిన్ అంటారు.

వయసు ప్రభావం ఇక్కడే కనబడుతుంది. బావి దగ్గర నుండి వరుసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటే దారిలో కొంత నీరు ఒలుకుతుంది కదా! పలకలోని ఎలక్ట్రాన్లూ అలాగే వరుస నుండి వరుసకు నడిచి అంచుకు చేరాలి. ప్రయోగించిన తొలి వారాల్లోనే భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాల్లోని ప్రోటాన్లు పలకలను కొంత దెబ్బతీశాయి. ఆ లోపాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. ఎంత దూరం నుండి వస్తే అంత నష్టం. దీనికితోడు ఉపగ్రహం పైనున్న వేడి కవచం పాతబడి, కెమెరాను మైనస్ 120 డిగ్రీల వద్ద నిలపడం కష్టమైంది. ఉష్ణోగ్రత మారితే లెక్కా మారుతుంది.

సరిచూడటానికి టెలిస్కోపులోనే ఒక తూకం రాయి పెట్టారు. అది ఐరన్-55 అనే రేడియోధార్మిక పదార్థం. దాని నుండి వచ్చే మాంగనీసు కిరణాల శక్తి ఎప్పుడూ 5,900 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే. అంతకంటే తక్కువ చూపితే, అంత మేర దిద్దాలి. అయితే ఈ రాయికీ వయసుంది. ప్రతి 2.7 ఏళ్లకు దాని బలం సగమవుతుంది. పదిసార్లు సగమైతే, అంటే 27 ఏళ్లకు, మిగిలేది వెయ్యో వంతే.

అందుకే శాస్త్రజ్ఞులు ఆకాశాన్నే ఆశ్రయించారు. సుమారు 11,000 కాంతి సంవత్సరాల దూరంలో కాసియోపియా-ఏ అనే పేలిన నక్షత్రపు శేషం ఉంది. అందులోని సిలికాన్, గంధకం, ఇనుము స్పష్టమైన ఎక్స్-రేలు ఇస్తాయి. ఆ వాయువు వేగంగా కదులుతున్నందున నేరుగా ముద్ర రాయిగా వాడలేం. కానీ లోపలి రాయి బలంగా ఉన్న రోజుల్లోనే దాన్ని చూసి ఉంచారు కనుక, అప్పటి కొలతతో ఇప్పటి కొలతను పోల్చవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు? శక్తి లెక్కలో వెయ్యికి మూడు వంతులు తప్పితే, ఆ వాయువు వేగం సెకనుకు 900 కిలోమీటర్లు తప్పుగా తేలుతుంది. నిలకడగా ఉన్న వాయువు మనవైపు దూసుకొస్తోందని రాసేస్తాం. అందుకే ఏ నెలలో చూసిన దృశ్యానికి ఆ నాటి దిద్దుబాటునే వాడతారు. 2001 నాటి దృశ్యాన్ని ఈనాటి విద్యార్థి తెరిచినా, ఆ రోజు కాటా ఎంత తప్పిందో దానితోపాటే తెలుస్తుంది. కాటా పాతదైనా తూకాన్ని నమ్మగలుగుతున్నది అందువల్లనే.