రన్-ఫ్లాట్ టైర్లు: గాలి లేకుండా 80 కిలోమీటర్లు సరే, ఆ తర్వాత?

ఈ ఎపిసోడ్ రన్-ఫ్లాట్ టైర్ల గురించి. సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి కార్లు చూస్తున్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "బ్రో, డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. అడిగితే రన్-ఫ్లాట్ అంటున్నారు. ఉంచుకోవాలా, పీకేసి మామూలువి వేయించుకోవాలా?" అడగాల్సిన ప్రశ్నే. ఈ సైజుల్లో ఒక్కో రన్-ఫ్లాట్ టైర్ ఇరవై వేలు దాటడం మామూలే. నాలుగూ మార్చాలంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. కారు బరువు మోసేది టైర్ రబ్బరు కాదు, లోపలున్న గాలి. గాలి పోతే టైర్ పక్క గోడ, అదే సైడ్‌వాల్, మడత పడిపోతుంది. రిమ్ దాని మీద కూర్చుని నలిపేస్తుంది. ఇంకాస్త దూరం తోలితే టైర్ అంచు రిమ్ నుంచి ఊడి వచ్చేస్తుంది. రన్-ఫ్లాట్‌లో ఏం చేశారంటే, ఆ సైడ్‌వాల్ లోపల వేడిని తట్టుకునే గట్టి రబ్బరుని మందంగా వేశారు. గాలి మొత్తం పోయినా ఆ గోడే కారుని మోస్తుంది. పక్కన నిలబడి చూసినా పంక్చర్ అయినట్టు చాలాసార్లు తెలియదు. అందుకే ఈ టైర్లు ఉన్న కారులో గాలి తగ్గితే చెప్పే టీపీఎంఎస్ తప్పనిసరిగా పని చేయాలి. ఆ లైట్ పాడైన కారులో రన్-ఫ్లాట్ ఉండటం ప్రమాదం, ఎందుకంటే ఖాళీ టైర్ మీద వెళ్తున్నామని తెలియకుండానే మీరు 120లో పోతూ ఉంటారు.

ఐడియా కొత్తదేం కాదు. 1980ల్లోనే పోర్షే 959కి రన్-ఫ్లాట్ టైర్లు వచ్చాయి. 1997లో షెవర్లే కార్వెట్ కొత్త మోడల్ స్టెప్నీ లేకుండా వీటితోనే వచ్చింది. మామూలుగా రోడ్డు మీద కనిపించే కార్లకి ఎక్కువగా వేసింది మాత్రం 2000ల తర్వాత బీఎండబ్ల్యూనే.

కంపెనీలు చెప్పే లెక్క అందరికీ తెలుసు: గాలి సున్నా అయ్యాక 80 కిలోమీటర్ల స్పీడ్ మించకుండా 80 కిలోమీటర్ల దూరం. ఈ స్పీడ్ లిమిట్ ఎందుకంటే వేడి. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ గోడ కొంచెం వంగి లేస్తుంది. వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. స్పీడ్ పెరిగితే, బరువు పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. కొన్ని పాత బీఎండబ్ల్యూ మాన్యువల్స్‌లో దీన్ని ఇంకా నిజాయితీగా రాశారు. ఒకరిద్దరు ఉండి లగేజీ లేకపోతే 250 కిలోమీటర్లు, ఫుల్ లోడ్ ఉంటే 50 మాత్రమే అని. కాబట్టి ఐదుగురు ఎక్కి, డిక్కీలో పచ్చడి డబ్బాలూ బియ్యం మూటా వేసుకుని మే నెల మధ్యాహ్నం ఊరెళ్తుంటే ఆ 80ని గ్యారంటీ అనుకోవద్దు. ఫోన్‌లో 5 పర్సెంట్ చార్జింగ్ లాంటిది అది. ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి సరిపోతుంది, వీడియోలు చూడటానికి కాదు.

ఇప్పుడు ప్లస్ ఏంటి? హైదరాబాద్ ఓఆర్ఆర్ తీసుకోండి. 158 కిలోమీటర్ల రింగు, మెయిన్ లేన్లలో స్పీడ్ లిమిట్ 120. రాత్రి పదకొండింటికి అక్కడ పంక్చర్ అయితే పక్కకి ఆపి, జాకీ పెట్టి, నట్లు విప్పుతూ కూర్చోవాలి. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కి మీరు కనిపించారో లేదో తెలియదు. నా దృష్టిలో రన్-ఫ్లాట్‌కి డబ్బులు పెట్టడానికి గట్టి కారణం ఇదొక్కటే: ఆగకూడని చోట ఆగే అవసరం రాదు. మీ అక్క ఒక్కతే షిఫ్ట్ అయ్యాక ఆ రోడ్డు మీద వస్తుందంటే దీనికి రేటు కట్టలేం. రెండోది, గాలి ఒక్కసారిగా పోయినా టైర్ కూలిపోదు కాబట్టి స్టీరింగ్ కొంతవరకు మన చేతిలోనే ఉంటుంది. అయితే పెద్ద గుంతలో పడి సైడ్‌వాలే చిరిగిపోతే రన్-ఫ్లాట్ అయినా చేసేదేం లేదు, మోయాల్సిన గోడే పోయింది కదా.

ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. మామూలు ట్యూబ్‌లెస్ టైర్ ఈ సమస్యని ఇప్పటికే చాలావరకు తీర్చేసింది. మేకు దిగితే అది అక్కడే బిగుసుకుని ఉంటుంది, గాలి మెల్లగా పోతుంది. టీపీఎంఎస్ చెప్పగానే చిన్న కంప్రెసర్‌తో గాలి కొట్టుకుంటూ పంక్చర్ షాపు దాకా వెళ్లిపోవచ్చు. మన రోడ్ల పక్కన ఆ షాపులకి కొదవ లేదు. పాత టైర్ ఒకటి నిలబెట్టి దాని మీద తెల్ల పెయింట్‌తో "పంచర్" అని రాసి ఉంటే చాలు, వందో నూటయాభయ్యో ఇస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది.

రన్-ఫ్లాట్ ఉన్నవాడికి ఇదే షాపు దాదాపు పనికిరాదు. గాలి లేకుండా నడిచిన రన్-ఫ్లాట్ సైడ్‌వాల్ లోపల వేడికి దెబ్బతిని ఉండొచ్చు, పైకి కనపడదు. అందుకే అలా నడిచిన టైర్‌ని రిపేర్ చేయకుండా మార్చేయమని చాలా కంపెనీలు చెప్తాయి. షాపులో తమ్ముడు "అన్నా, ఏం కాదు, ప్లగ్ వేసేస్తా" అంటాడు. ప్లగ్ గాలిని ఆపుతుంది, నిజమే. లోపల అలిసిపోయిన గోడని బాగు చేయదు. మీరు తర్వాత 100లో వెళ్లేటప్పుడు నమ్ముకునేది ఆ గోడనే. గాలి పూర్తిగా పోకముందే చూసుకుని ఆపేసి ఉంటే, టైర్ విప్పి లోపల చెక్ చేశాక కొన్ని కంపెనీలు రిపేర్‌కి ఒప్పుకుంటాయి. కాబట్టి లైట్ వెలగగానే "మనది రన్-ఫ్లాటే కదా" అని ధీమాగా వెళ్లిపోకండి. సేఫ్‌గా ఆగగలిగే చోటు రాగానే ప్రెషర్ చూడండి. మిగిలున్న గాలే మీ ఇరవై వేలు. పైగా ఆ గట్టి గోడల వల్ల దీన్ని రిమ్ నుంచి తీయడానికి మంచి మెషిన్ కావాలి, ఇనుప రాడ్లతో కుస్తీ పడితే రిమ్ అంచు కూడా పోతుంది.

సో, ఆ 80 కిలోమీటర్లు మనల్ని పంక్చర్ షాపుకి చేర్చడానికి కాదు. అదే సైజు రన్-ఫ్లాట్ స్టాక్ ఉన్న పెద్ద టైర్ షాపుకి చేర్చాలి. శ్రీశైలం వెళ్తున్నారనుకోండి. రాత్రి 9 తర్వాత మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర బండ్లు ఆపేస్తారు, కాబట్టి సాయంత్రం తొందరలో ఉంటారు. నల్లమల మధ్యలో టైర్ పోయింది. అడవిలో ఆగకుండా బయటపడటానికి 80 చాలు, అక్కడ రన్-ఫ్లాట్‌కి దండం పెట్టాల్సిందే. అచ్చంపేట చేరారు. అక్కడ 225/45 ఆర్17 రన్-ఫ్లాట్ దొరుకుతుందా? నేనైతే ఆశ పెట్టుకోను. హైదరాబాద్ ఇంకా వంద కిలోమీటర్ల పైనే ఉంది, స్టెప్నీ లేదు. ఇక ఫ్లాట్‌బెడ్ బండి కోసం ఎదురుచూడటమే. అదే దారిలో మామూలు టైర్లూ స్టెప్నీ ఉన్న ఆల్టో వాడు అరగంటలో టైర్ మార్చుకుని, టీ తాగి వెళ్లిపోతాడు.

టెక్నాలజీ బాగున్నా చుట్టూ సర్వీస్ లేకపోతే ఏమవుతుందో అమెరికాలో ఒకసారి చూశారు. మిషెలిన్ పాక్స్ అని ఇంకో రకం రన్-ఫ్లాట్ ఉండేది. టైర్ లోపల రిమ్ చుట్టూ ఒక రింగ్ ఉంటుంది, గాలి పోతే కారు దాని మీద కూర్చుంటుంది. 2005 హోండా ఒడిస్సీ టాప్ మోడల్‌కి వేశారు. అక్కడి మన తెలుగు ఫ్యామిలీలకి బాగా తెలిసిన బండే. దీనికి స్పెషల్ రిమ్, స్పెషల్ మెషిన్ కావాలి, చేసే షాపులు తక్కువ, మార్చాలంటే ఖర్చు ఎక్కువ. ఓనర్లు కోర్టుకి కూడా వెళ్లారు. కొన్నేళ్లకే మిషెలిన్ దాని మీద పని ఆపేసింది.

రైడ్ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. గట్టి గోడ, ఎక్కువ బరువు. స్పీడ్ బ్రేకర్లూ ప్యాచ్ రోడ్లూ నేరుగా నడుముకి తెలుస్తాయి. గుంతలో పడ్డప్పుడు మామూలు టైర్ కొంత మింగే దెబ్బ ఇక్కడ రిమ్‌కి వెళ్తుంది, రిమ్ వంగడం అందుకే ఎక్కువ వింటాం. ఇంకో సరదా విషయం, బీఎండబ్ల్యూ చాలాకాలం తన ఎం3కి మాత్రం రన్-ఫ్లాట్ వేయలేదు. డ్రైవింగ్ ఫీల్ ముఖ్యమైన చోట వాళ్లే వద్దనుకున్నారంటే అర్థం చేసుకోండి.

మరి పీకేసి మామూలువి వేయించుకోవచ్చా? వేయించుకోవచ్చు, చాలామంది చేస్తున్నదే. నేను కూడా సిటీలో తిరుగుతూ నెలకోసారి ఊరెళ్లేవాళ్లకి అదే చెప్తాను. కానీ నాలుగూ ఒకేసారి మార్చండి, రెండు ఇవీ రెండు అవీ కలపొద్దు. లోడ్ ఇండెక్స్, స్పీడ్ రేటింగ్ మాన్యువల్‌లో ఉన్నదానికి తగ్గకూడదు. కంప్రెసర్, ప్లగ్ కిట్ డిక్కీలో పడేయండి. 2020లో మన రూల్స్ కూడా మారాయి, ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే కారులో స్టెప్నీ తప్పనిసరి కాదు. అయినా చోటు పడితే సన్న స్టెప్నీ ఒకటి కొనుక్కోండి, అడవి దారిలో కిట్ కన్నా అదే నయం. రోజూ రాత్రిపూట ఓఆర్ఆర్ మీదే ప్రయాణం అంటే మాత్రం రన్-ఫ్లాట్లే ఉంచుకోండి, నడుము కొంచెం ఓర్చుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే టైర్ పక్కన చదవండి. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్ అయితే జెడ్‌పీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్ అయితే ఆర్‌ఓఎఫ్ అని ఉంటుంది. అక్కడే నాలుగంకెల డేట్ కోడ్ కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్ల పాత రన్-ఫ్లాట్లు వేసి "టైర్లు సూపర్ కండిషన్ సార్" అంటే, నాలుగు కొత్త టైర్ల ఖర్చు కారు రేటులోంచి తగ్గించమని అక్కడే అడగండి. రెండు టైర్లు రన్-ఫ్లాట్, రెండు మామూలువి ఉంటే ఆ ఓనర్ మెయింటెనెన్స్ మీద ఎంత పెట్టాడో మీకే తెలిసిపోతుంది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో పెట్రోల్ బంకులో నైట్రోజన్ గాలికి డబ్బులివ్వాలా వద్దా మాట్లాడుకుందాం. ఉంటాను మరి.