కొలతలిచ్చి చేయించుకున్న గిటారు!

'పర్పుల్ రెయిన్' సినిమా చూశారా? 1984లో వచ్చింది. చూడకపోతే ఈ ఆదివారానికి అదే పని పెట్టుకోండి. కథ సంగతి అలా ఉంచి, హీరో ప్రిన్స్ చేతిలోని ఆ తెల్ల గిటారుని చూడండి. పైకొమ్ము మబ్బుతునకలా వంపు తిరిగి ఉంటుంది. సామానంతా బంగారు రంగు! మన సినిమాల్లో హీరోయిన్ హీరోకి వాచీయో ఉంగరమో బహూకరిస్తే, అక్కడ అపొలోనియా ఏకంగా ఆ గిటారునే కొనిచ్చేస్తుంది.

సినిమాలో కొన్నట్టు చూపించారు గానీ, అసలది ఏ దుకాణంలోనూ అమ్మకానికి పెట్టిన సరుకు కాదు. మినియాపొలిస్‌లో ఓ వాయిద్యాల దుకాణంలో పనిచేసే డేవ్ రుసాన్ అనే కుర్రాడు 1983లో ఈ సినిమా కోసం చేత్తో చెక్కినది. ప్రిన్స్ దగ్గర అప్పటికే ఓ బేస్ గిటారు ఉండేది. "ఆకారం దీనిలా ఉండాలి, రంగు తెలుపు, సామాను బంగారం" – ఇంచుమించు ఇంతే ఆర్డరు! మిగతాదంతా రుసాన్ బుర్రకే వదిలేశారు. ఆయన మేపుల్ చెక్కతో చేశాడు. ఆ సినిమా పాటలకి ఆస్కార్ వచ్చింది. తరవాత చేసిన దాని తోబుట్టువు ఒకటి, నీలం రంగు వేసినది, 2020 జూన్‌లో వేలానికొచ్చి 5,63,500 డాలర్లు పలికింది. మన లెక్కలో నాలుగు కోట్ల పైమాటే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను కూడా ఒక గిటారు చేయించుకున్నాను. కోట్లు కాదు లెండి, లక్షా ఇరవై వేలు. నాకు అదీ ఎక్కువే.

నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయిస్తాను. గుంటూరు, తెనాలి, ఏలూరు... ఎక్కడ పందిరి వేస్తే అక్కడ. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే బేస్‌కి నాలుగే, కానీ లావుపాటివి. పాటలో మీ చెవికంటే ముందు గుండెకి తగిలే ఆ గుంభనమైన నాదం ఉందే, అదే బేస్. ఇళయరాజా పాటల్ని ఈసారి కాస్త పెద్ద స్పీకర్లో పెట్టుకుని వినండి. 'గీతాంజలి'(1989) అయితే మరీ మంచిది. గొంతు కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది. ఆయన బృందంలో ఏళ్ళ తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు ఎంతమందికి తెలుసు చెప్పండి? మా జాతి బతుకే అంత. స్టేజి మీద వెనక, డ్రమ్ముల పక్కన.

దానికి తోడు నాది పుర్రచేతి వాటం. "కుడిచేత్తో తినరా" అని చిన్నప్పుడు తిన్న మొట్టికాయలకి లెక్క లేదు. తిండి కుడికి మారింది గానీ వాయింపు మారలేదు. దుకాణాల్లో బేస్‌లన్నీ కుడిచేతి వాళ్ళవే. ఒకటి కొని తలకిందులుగా పట్టుకున్నాను. జిమీ హెండ్రిక్స్ కూడా కుడిచేతి గిటార్లని తిరగేసే కదా వాయించాడని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. కానీ ఒక చిక్కుంది. తీగలు కూర్చునే గాడులు ఒక్కో తీగ లావుకి తగ్గట్టు కోసి ఉంటాయి. తిప్పితే లావు తీగకి సన్నగాడి, సన్నతీగకి లావుగాడి! అవి కొత్తగా కోయించినా బెల్టు తగిలించే పొడుగు కొమ్ము కిందికి పోతుంది. మెడ నేలవైపు దిగిపోతుంది. కుడిచేత్తో దాన్ని పైకి ఎత్తిపట్టుకుంటూ, ఆ చేత్తోనే స్వరాలు నొక్కాలి. తిప్పుడు బిళ్ళలు మోచేతికి గుచ్చుకుంటాయి. ఆరేళ్ళు అలాగే లాక్కొచ్చాను. చివరికి మణికట్టు వాచింది. ఇలాగే ఇంకో ఏడాది వాయిస్తే వాయించడమే మానుకోవలసి వస్తుందని డాక్టరుగారు తేల్చేశారు.

పాల్ మెకార్ట్‌నీ కూడా పుర్రచేతివాడే సుమండీ! 1961లో హాంబర్గ్‌లో సుమారు ముప్ఫై పౌండ్లకి కొన్న హాఫ్నర్ బేస్ ఆయన్ది. ఫిడేలులా రెండువైపులా ఒకే ఆకారం గనక ఎడమవైపు పట్టినా వింతగా ఉండదని నచ్చిందట. 1972లో లండన్‌లో దాన్ని ఎవరో ఎత్తుకుపోయారు. 2023లో దొరికి ఆయన చేతికొచ్చింది. ఎన్ని కొత్తవి కొనగలడు ఆయన! అయినా ఆ పాతదాని కోసమే వెతికించాడు.

మా నాన్నగారు మాత్రం ఇవేవీ వినలేదు. "ఒరేయ్, లక్షా ఇరవై వేలకి మంచి బండొస్తుంది. రేపు డబ్బవసరమైతే బండి అమ్ముకోవచ్చు. ఆ పుర్రచేతి గిటారు ఎవడు కొంటాడ్రా?" అన్నారు. అక్షరాలా నిజం. కొలతలిచ్చి చేయించుకున్న వాయిద్యం ఇంకొకరికి సగం ధరకి కూడా పోదు. ప్రిన్స్ అయితే వేలం, మనమైతే అటక!

బెంగుళూరులో ఓ పెద్దాయన చేస్తారని విని వెళ్ళాను. చిత్తూరు వైపు మనిషి, వడ్రంగం నించి వాయిద్యాల్లోకి వచ్చారు. గిటారు ఎలా కావాలని అడుగుతారనుకుంటే, ఆయన నన్నే చూశారు.

"ఎంతసేపు నిలబడి వాయిస్తావు నాయనా?"

"ఐదు గంటలండీ మేస్త్రీగారూ. ఒక్కోసారి ఆరు."

"అట్లైతే నాలుగు కిలోలు దాటనీను."

తరవాత నా అరచెయ్యి కాగితం మీద పెట్టి గీత గీశారు. బేస్‌కి తీగ పొడవు మామూలుగా 34 అంగుళాలు. నా వేళ్ళు పొట్టివి, 32 చాలన్నారు. అలా తగ్గిస్తే ఒకటో ఫ్రెట్ నించి నాలుగో ఫ్రెట్‌కి వేలు సాగవలసిన దూరం పావు అంగుళం పైనే తగ్గుతుంది. వాచిన మణికట్టుకి పావు అంగుళమంటే ఏమిటో నాకు తెలుసు! కానీ అన్నిటికన్నా లావు తీగ కొంచెం వదులవుతుంది, నాదంలో బిగువు తగ్గుతుంది. రెండు పొడవులవీ నా చేతికిచ్చి ఓ పూటంతా వాయించమన్నారు. సాయంత్రానికి 32కే ఓటేశాను.

ప్లైవుడ్‌తో ముందు ఓ బొమ్మ గిటారు కోసి, బెల్టు కట్టి, నన్ను నిలబెట్టి వదిలేశారు. మెడ దిగిందా? దిగింది. కొమ్ముని పన్నెండో ఫ్రెట్ దాకా పొడిగించారు. ఇక దిగలేదు. చాలామంది ముచ్చట పడేది రంగు గురించి. అసలు సంగతంతా ఈ తూకంలోనే ఉంది.

ఒళ్ళు మహాగని, మెడ మేపుల్, మెట్ల పలక మన ఇరుగుడు – రోజ్‌వుడ్ అంటారే, అది. మెడ లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి దాదాపు 75 కిలోల బలంతో లాగుతాయి మరి! వర్షాకాలంలో మేపుల్ ఇంకా ఆరలేదని రెండు నెలలు పక్కన పెట్టేశారు. నాకేమో మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. "అప్పటికి రాకపోతే ఇంకో కుర్రాణ్ణి చూసుకుంటా" అని మా ఆర్కెస్ట్రా యజమాని మాట. ఫోన్ చేసి బతిమాలితే మేస్త్రీగారు, "తడి చెక్క మెడ రేపు నీ చేతిలోనే వంగిపోతుంది నాయనా" అని పెట్టేశారు. పదకొండో నెలలో, సీజనుకి నాలుగు రోజుల ముందు ఇచ్చారు. బరువు 3 కిలోల 700 గ్రాములు.

చేయించుకోవడమంటే డబ్బున్న వాళ్ళ సరదా అనుకోకండి. క్వీన్ బృందం మీద వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ'(2018) చూశారుగా. అందులో కనిపించే బ్రయాన్ మే ఎర్ర గిటారుకి కథ ఉంది. 1963లో ఆయన, వాళ్ళ నాన్న హెరాల్డ్ కలిసి ఇంట్లోనే మొదలెట్టారు. పాత చలిమంట గూటి చెక్కే దానికి మెడ! మోటారుసైకిలు స్ప్రింగులు, అల్లిక సూది మొన, అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు – ఇవీ అందులో సామాన్లు. పూర్తవడానికి సుమారు రెండేళ్ళు పట్టింది. ఆ గిటారుతోనే 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ మేడ మీద నిలబడి వాయించాడు.

మనవాళ్ళు తక్కువా? పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) ఎనిమిది తీగల మామూలు మాండొలిన్‌తో సరిపెట్టుకోలేదు. కర్ణాటక సంగీతంలోని గమకాలు పలకాలని ఐదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు.

మీలో ఎవరికైనా చేయించుకోవాలని ఉంటే, ముందు ఆ మనిషి చేసినవి రెండు మూడు వాయించి చూడండి. ఫొటోలు చాలవు. తీగ పొడవు, మెడ వెడల్పు, బరువు, గడువు అన్నీ కాగితం మీద రాయించుకోండి. సగానికి మించి అడ్వాన్సు ఇవ్వకండి. మన కోస్తా ఉక్కపోతకి మెడ కదులుతుంది. తొలి ఏడాది రెండుసార్లు కడ్డీ సరిచేయించుకోవలసిందే.

ఆ మాఘమాసంలో పందొమ్మిది పెళ్ళిళ్ళు వాయించాను. మణికట్టు వాపు తీసింది. తెనాలి పెళ్ళికి మా నాన్నగారు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "దానికి ఐదు తీగలవి కూడా ఉంటాయటగా?" అన్నారు. ఉంటాయి. మేస్త్రీగారి వరసలో నా నెంబరు ఇప్పుడు పదకొండు.