అక్కది ఏప్రిల్ ఓటు, చెల్లెలిది మే ఓటు

పావగడ కర్ణాటకలో ఉంది. కానీ ఏ వైపు నడిచినా దాదాపుగా ఆంధ్రే తగులుతుంది. జిల్లా కేంద్రం తుమకూరు సుమారు వంద కిలోమీటర్ల దూరం. మడకశిర, పెనుకొండ మాత్రం పక్క ఊళ్లు. ఆఫీసు కాగితం కన్నడంలో, సంత బేరం తెలుగులో. సరిహద్దు దాటి అవతలికి వెళ్తే మడకశిర పల్లెల్లో కన్నడం వినిపిస్తుంది. పిల్లనిచ్చేటప్పుడు రాష్ట్రం ఏదని ఇక్కడ ఎవరూ అడగరు. అక్కను పావగడలోనూ చెల్లెలిని మడకశిరలోనూ ఇచ్చిన ఇళ్లు చాలానే ఉంటాయి.

2024లో అక్క ఏప్రిల్ 26న ఓటేసింది, ఒక్క ఎంపీ కోసం. చెల్లెలు మే 13న వేసింది, ఎమ్మెల్యేకొకటి, ఎంపీకొకటి. ఇద్దరి వేలికీ పూసింది మైసూరు సిరానే. 1962 నుంచి దేశమంతటికీ అక్కడి నుంచే వెళ్తోంది.

రాష్ట్రాల మధ్యైనా దేశాల మధ్యైనా ఓటర్ల తేడాలు చెప్పేటప్పుడు మనం వెంటనే సంస్కృతి, చదువు, కులం అంటాం. ఈ సరిహద్దుకు ఇటూ అటూ అవి పెద్దగా మారవు. మారింది ఎన్నికల తేదీ, నొక్కాల్సిన బటన్ల సంఖ్య. ఫలితాలు మాత్రం ఒకదానితో ఒకటి పోలికే లేకుండా వచ్చాయి.

పావగడ తుమకూరు జిల్లాలోదే అయినా లోక్‌సభకు చిత్రదుర్గ కింద ఉంటుంది. 2023 మే అసెంబ్లీ ఎన్నికల్లో చిత్రదుర్గలోని 8 సెగ్మెంట్లలో 7 కాంగ్రెస్‌వి. పావగడలో ఆ పార్టీ తరఫున హెచ్.వి.వెంకటేశ్ గెలిచారు. ఏడాది తిరగకుండానే ఆ 8 సెగ్మెంట్ల ఓటర్లే బీజేపీ అభ్యర్థి గోవింద కారజోళను 48 వేల పైచిలుకు మెజారిటీతో ఢిల్లీకి పంపారు. అవతల మడకశిర ఉన్న హిందూపురం లోక్‌సభ సంగతి చూడండి. 2024లో 7 సెగ్మెంట్లూ తెలుగుదేశం కూటమికే, ఎంపీ సీటూ దానికే. 2019లో ఏడింట ఆరు వైసీపీవి, ఎంపీ కూడా వైసీపీయే. ఆంధ్రలో గాలి వీస్తే రెండు పెట్టెలూ ఒకేసారి నిండుతాయి.

చిత్రదుర్గలో బీజేపీ, జేడీఎస్ పొత్తు పనిచేసిందని అంటారు. నిజమే. పావగడలో 2023లో రెండో స్థానం జేడీఎస్‌దే, ఆ ఓట్లు ఎటో ఒకవైపు వెళ్లాలి కదా. కానీ ఈ వాదనకు 1985 లొంగదు. 1984 డిసెంబరులో కర్ణాటక ఓటరు 28 లోక్‌సభ సీట్లలో 24 కాంగ్రెస్‌కు ఇచ్చాడు. ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే అసెంబ్లీ రద్దు చేసి మళ్లీ జనం ముందుకు వెళ్తే, మూడు నెలలకే 1985 మార్చిలో 224లో 139 సీట్లు జనతా పార్టీకి ఇచ్చాడు. అదే కర్ణాటకలో 1999లో రెండు ఎన్నికలూ కలిపి పెట్టారు. అసెంబ్లీలో 132, లోక్‌సభలో 18, రెండుచోట్లా కాంగ్రెస్సే. తేదీలు కలిపితే ఓటరు ఒక మాట చెప్పాడు, విడదీస్తే రెండు చెప్పాడు.

ఇది గట్టి సూత్రమేమీ కాదు. ఒడిశాలో 2019లో ఒకేసారి ఓటేసినా అసెంబ్లీ నవీన్ పట్నాయక్‌కు ఇచ్చి, 21 ఎంపీ సీట్లలో 8 బీజేపీకి ఇచ్చారు. ఎన్నికలప్పుడు మనవాళ్లు క్రాస్ ఓటింగ్ అని గుసగుసలాడుకునేది దీన్నే. అయినా ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ 2015లో పాత ఫలితాలు లెక్కగట్టి, రెండూ కలిపి పెడితే ఓటరు రెండుచోట్లా ఒకే పార్టీని ఎంచుకునే అవకాశం 77 శాతమని తేల్చింది.

బయట దేశాల్లో ఓట్లను కలపాలా, విడదీయాలా అన్నది ముందే ఆలోచించి ఏర్పాటు చేసుకున్నవాళ్లున్నారు. స్వీడన్‌లో పార్లమెంటు, ప్రాంతీయ, పురపాలక ఎన్నికలు ఒకే రోజు. బ్యాలెట్లు మాత్రం పసుపు, నీలం, తెలుపు. జర్మనీలో ఒకే కాగితం మీద రెండు ఓట్లు, ఒకటి మనిషికి, ఇంకొకటి పార్టీకి. అమెరికా అధ్యక్షుడికి నాలుగేళ్లిచ్చి, రెండేళ్లకే ప్రతినిధుల సభను మళ్లీ ఓటుకు పెడుతుంది. గత వందేళ్లలో 1934, 1998, 2002 తప్ప ప్రతి మధ్యంతరంలోనూ అధ్యక్షుడి పార్టీ ఆ సభలో సీట్లు పోగొట్టుకుంది. డాలస్‌లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మన గుంటూరు ఆయనా ఆ వరసలోనే నిలబడతాడు. ఆయన తమ్ముడు మెల్‌బోర్న్‌లో పౌరుడైతే ఓటు మానుకునే వీల్లేదు, సరైన కారణం చూపకపోతే 20 డాలర్ల జరిమానా. 1924 నుంచి అక్కడ చట్టం అది. లండన్‌లో చదువుకునే కుర్రాడి కథ మరీ విచిత్రం. భారత పాస్‌పోర్టుతోనే, కామన్వెల్త్ పౌరుడిగా, బ్రిటన్ పార్లమెంటుకు ఓటేయొచ్చు. సొంతూరి ఎమ్మెల్యేకు ఓటేయాలంటే మాత్రం విమానం ఎక్కి రావాల్సిందే. ముగ్గురూ ఒక ఇంటివాళ్లే అనుకోండి, వాళ్ల ఓటింగ్ అలవాట్లు మూడు రకాలుగా తేలతాయి.

తేదీలు అన్నిటినీ మార్చలేవు. చిత్రదుర్గ, పావగడ రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. 2019 సెప్టెంబరులో అప్పటి ఎంపీ ఎ.నారాయణస్వామి ఇదే పావగడ తాలూకాలోని ఒక గొల్లరహట్టికి (గొల్లల పల్లెకు) వెళ్తే, దళితుడని లోపలికి రానివ్వలేదు. బయట కాసేపు కూర్చుని వెనక్కి వెళ్లారు. ఓటు వేసేటప్పుడు లేని అంటు, గెలిచినాయన గుమ్మంలోకి వస్తే పుట్టుకొచ్చింది. ఏ ఎన్నికల సంస్కరణా దీన్ని ముట్టుకోలేదు.

సరిహద్దు ఓటరుకు ఉన్న ఒక సౌకర్యం వేరే ఎవరికీ లేదు. రెండు ప్రభుత్వాలను పక్కపక్కన పెట్టి చూస్తాడు. పావగడలో ఇంటి పెద్ద అయిన ఆడవాళ్లకు గృహలక్ష్మి కింద నెలకు 2,000, ఆడవాళ్లందరికీ బస్సు ఉచితం. ఆంధ్రలో ముసలివాళ్ల పింఛను 4,000 అయింది, కర్ణాటకలో 1,200. పెళ్లిళ్లకు కలిసినప్పుడు ‘మీకు పింఛను ఎంత వస్తాదక్కా’ అన్నది మామూలు పలకరింపు. ఈ లెక్కలు తెలిసినవాళ్లు ఓటును అల్లాటప్పాగా వేయరు. ఒక్కో ఓటూ ఇక్కడ లెక్కకొస్తుంది: పావగడలో 2018లో గెలుపు తేడా 409 ఓట్లు, మడకశిరలో 2024లో 351.

ఇప్పుడు దేశమంతటా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు ఒకేసారి పెట్టాలన్న 129వ రాజ్యాంగ సవరణ బిల్లు 2024 డిసెంబరు 17న లోక్‌సభకు వచ్చి, సంయుక్త కమిటీ చేతిలోకి వెళ్లింది. ఖర్చు తగ్గుతుందన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు, టీచర్లకూ పోలీసులకూ ఊపిరాడుతుంది. కానీ ఖర్చు లెక్క చెప్పేవాళ్లు రెండో లెక్క చెప్పడం లేదు. చిత్రదుర్గ ఓటరు 2023లో ఒక తీర్పు ఇచ్చాడు, 2024లో దాన్ని సవరించాడు. మామూలుగా సాగితే 2028లో ఒకటి, 2029లో ఇంకొకటి ఇస్తాడు. ఆ రెంటినీ ఒకటి చేస్తే తగ్గిపోయే ఆ రెండో తీర్పు వల్ల లాభం ఎవరికో, బిల్లు పెట్టినవాళ్లు ఓటరుకు నేరుగా చెప్పి ఆ తర్వాతే సభలో ఓటింగ్ అడగాలి.